యూరియా యెటు పోవుచున్నది? నిదానముగా విడుదలయగు నత్రజని యెరువులను గూర్చిన యుపన్యాసము



నేటి సభయందు చర్చింపవలసిన విషయము మీ కొట్టునందే యున్నది. అది యూరియా బస్తా. దానిని మీరు ప్రతియేట కొనుచున్నారు, చల్లుచున్నారు, పైరు పచ్చబడుటను చూచి సంతోషించుచున్నారు. కాని చల్లిన దానిలో పైరు తిన్నదెంత, మీ చేతి కందక పోయినదెంత యను లెక్కను వ్రాసియుంచువారు మిక్కిలి యరుదు. ఆ పోవుదానిని నిలుపుటకై శాస్త్రజ్ఞులు యూరియాకు పలువిధములగు పూతలను కనిపెట్టిరి. వేపపూత యూరియా మీ కందఱకు పరిచితమే. గంధకపు పూత యూరియా 2023వ సంవత్సరమున మన దేశమునందు ప్రవేశపెట్టబడినది. ప్లాస్టికు పూతగల గుళికలు విదేశములందు చిరకాలముగా వాడుకలో నున్నవి. ఇంకను క్రొత్తవి పరిశోధనాలయములలో సిద్ధమగుచున్నవి.

అమ్మువాడు తన సరకునే శ్రేష్ఠమని చెప్పును. కొనువాడు మాత్రము రెండు ప్రశ్నలు వేసికొనవలయును. నా పొలమునందు నత్రజని యే మార్గమున పోవుచున్నది? నేను కొనబోవు పూత ఆ మార్గమును మూయునా, మూయదా? ఈ రెండు ప్రశ్నలకు మీరు స్వయముగా సమాధానము చెప్పుకొన గలుగునట్లు చేయుటయే నా యుపన్యాసముయొక్క యుద్దేశము.

1. బస్తాలో నున్నదెంత, పైరున కందునదెంత

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. కావున 45 కిలోల బస్తాయందు 20 కిలోల 700 గ్రాముల నత్రజని యుండును. తరి భూమిలో నీటిపై చల్లిన యూరియానుండి వరిపైరు గ్రహించునది సాధారణముగా నూటికి 30 మొదలు 40 పాళ్లు మాత్రమే. అనగా మూడు బస్తాలు చల్లినచో పైరు తినునది రమారమి యొక బస్తా. తక్కినదానిలో కొంతభాగము మట్టిలోని జీవపదార్థముతో కలిసి నిలుచును. మిగిలినది గాలిలోనికో నీటిలోనికో పోవును.

సర్కారువారు సహాయధన మిచ్చుటచే యూరియా మనకు చవుకగా దొరకుచున్నది. ఆ సహాయము లేనిచో దాని ధర ఎన్నో రెట్లుండును. చవుక వస్తువు పోయినను బాధ తెలియదు. "పైరు ఎఱ్ఱబడినది, ఇంకొక బస్తా చల్లుదము" అనుట యలవాటైనది. కాని నష్టము బస్తా వెలతో ముగియదు. అవసరమునకు మించి నత్రజని తాగిన వరి యాకులు లేతగా, ముదురు పచ్చగా పెరుగును. అట్టి పైరుపై సుడిదోమయు, ఆకుముడుతయు, అగ్గితెగులును సులభముగా వ్యాపించును. కాండము బలహీనమై చేను పడిపోవును. ఆ పిమ్మట పురుగు మందుల వ్యయము. ఇట్లు యూరియా యధికముగా చల్లినవాడు రెండుమాఱులు సొమ్ము చెల్లించుచున్నాడు.

నీటి విషయము కూడ కలదు. మట్టిలో నిలువక ఇంకిపోయిన నత్రజని నైట్రేటు రూపమున బావులలో చేరును. త్రాగునీటియందు లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని మన దేశపు ప్రమాణము. తెలంగాణమునందు ఈ హద్దును దాటిన బావులు అనేకములు కలవు. పెంటకుప్పలు, మురుగు సైతము దీనికి కారణములే; కాని పొలముల యెరువును నిర్దోషియని విడువరాదు. అట్టి నీరు విశేషముగా పసిబిడ్డలకు హాని చేయును.

2. నత్రజని పోవు మూడు ద్వారములు

ఇంటికి మూడు ద్వారములుండగా ఒకదానికి మాత్రము తాళము వేసి, దొంగ రాడని నిద్రించుట యవివేకము. నత్రజనికి సైతము మూడు ద్వారములు కలవు.

మొదటి ద్వారము ఆవిరి. యూరియా నేలపై పడినంతనే తేమతో కరగును. మట్టిలోని యూరియేజు అను పదార్థము దానిని విడదీసి అమ్మోనియాగా మార్చును. మన దేశపు వెచ్చని నేలలలో ఈ పని కొలది దినములలోనే ముగియును. నేలపైననే యున్న అమ్మోనియా గాలిలోనికి లేచిపోవును. సున్నము, క్షారము గల నేలలలో ఇది యధికము. వరిమడిలో నిలిచిన నీటియందు పాచి పెరిగి, పగటివేళ ఎండలో నీటి క్షారగుణమును హెచ్చించును. అప్పుడు నీటిపై చల్లిన యూరియా మధ్యాహ్నపు టెండలో ఆవిరియై పోవును. కంటికి కనబడదు గాని, నష్టము నిక్కమైనది.

రెండవ ద్వారము ఇంకుడు. మట్టిలో నిలిచిన అమ్మోనియాను సూక్ష్మజీవులు రెండంచెలుగా నైట్రేటుగా మార్చును. బంకమట్టి యమ్మోనియాను పట్టుకొనగలదు. నైట్రేటును పట్టుకొనలేదు. కావున నైట్రేటు వానతోడను, పాఱుదల నీటితోడను వేళ్లను దాటి క్రిందికి జాఱిపోవును. ఇసుకపాలు ఎక్కువగానున్న చల్క భూములలో ఈ నష్టము మెండు.

మూడవ ద్వారము వాయువు. నైట్రేటు ఏర్పడిన పిమ్మట మడిలో నీరు నిలిచి గాలి యాడనిచో, వేఱు జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నత్రజని వాయువుగాను, కొంత నైట్రస్ ఆక్సైడుగాను మార్చి గాలిలోనికి విడుచును. మడి యొకసారి ఆఱి, మఱల మునుగుచున్నచో, ఆఱినప్పుడు నైట్రేటు తయారగును, మునిగినప్పుడు అది వాయువై పోవును. ఈ నైట్రస్ ఆక్సైడు భూమియొక్క వేడిని హెచ్చించుటలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు బలవత్తరమైనది.

గమనింపుడు: రెండవ, మూడవ ద్వారములు రెండును నైట్రేటు ఏర్పడిన తరువాతనే తెఱచుకొనును. మొదటి ద్వారము అంతకు ముందే, చల్లిన మఱునాటినుండియే తెఱచియుండును. ఈ భేదము మనస్సునందుంచుకొన్నచో పూతల గుణదోషములు సులభముగా బోధపడును.

3. పైరు ఆకలి

నాటిన నారుకు మొదటి రెండు వారములలో వేళ్లు తక్కువ. అది తినునది కొంచెము. పిలకలు తొడుగుటనుండి అంకురమేర్పడువఱకు ఆకలి యధికము. పూత ముగిసిన తరువాత మఱల తగ్గును. మనమో, నాటిన వెంటనే ఒక్కసారిగా చల్లి, ఆకలి లేనినాడు విందు పెట్టుచున్నాము. ఆకలి వేళకు విస్తరి ఖాళీగానుండును. పైరు ఆకలి యే వేగమున పెరుగునో, ఎరువు ఆ వేగముననే యందవలయును. దీనిని సాధించుటకు మార్గములు రెండు. ఒకటి, రైతు తానే విడతలుగా చల్లుట. రెండు, ఎరువునకే నిదానము నేర్పుట. ఈ రెండవ మార్గమే పూతల విద్య.

4. వేపపూత

వేపగింజలోని చేదు పదార్థములు అమ్మోనియాను నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవుల పనిని మందగింపజేయునని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థయందు 1970 ప్రాంతమున డాక్టరు రాజేంద్రప్రసాద్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును పరిశోధించి చూపిరి. దేశమునందు తయారగు యూరియాకు పూర్తిగా వేపనూనె పూయవలెనని 2015వ సంవత్సరమున భారత ప్రభుత్వము విధించినది. యూరియా వ్యవసాయము నుండి కర్మాగారములకు దొంగతనముగా తరలిపోవుటను నివారించుటయు అందొక యుద్దేశము. 2022 నవంబరులో జాతికి అంకితము చేయబడిన రామగుండము కర్మాగారము సాలుకు 12 లక్షల 70 వేల టన్నుల వేపపూత యూరియాను తయారు చేయుటకు నిర్మింపబడినది.

ఇందొక భ్రమను తొలగింపవలసియున్నది. వేపనూనె పూత మిక్కిలి పలుచన. అది యూరియాను కరుగనీయకుండ ఆపు గోడ కాదు. నీరు తగిలినచో వేపపూత యూరియా సాధారణ యూరియావలెనే కరగును, అమ్మోనియాగా మాఱును. వేప చేయునదెల్ల అమ్మోనియా నైట్రేటుగా మాఱుటను కొన్ని దినములు ఆలస్యము చేయుట. కావున రెండవ, మూడవ ద్వారములను అది కొంతవఱకు మూయును. మొదటి ద్వారమునకు దాని తాళము సరిపోదు. వేపపూత యున్నదిగదా యని ఆఱిన నేలపై ఎండలో చల్లినచో, అమ్మోనియా ఆవిరియై పోవుట తప్పదు. ఈ మొదటి ద్వారమును మూయుటకు యూరియేజు పనిని నిలుపు మందులు వేఱుగ కలవు, ఎన్.బి.పి.టి. అనునది అమెరికా మొదలగు దేశములందు వాడబడుచున్నది. మన చేతిలో నున్న యుపాయము అంతకంటె చవుకైనది. యూరియాను మట్టిలో కలియునట్లు చేయుట.

5. గంధకపు పూత

యూరియా గుళికలపై కరగిన గంధకమును పూయు విధానమును అమెరికాలోని టెన్నెస్సీ లోయ సంస్థవారు 1960 తరువాతి సంవత్సరములలో అభివృద్ధి చేసిరి. గంధకపు పొరలోని పగుళ్లగుండ నీరు లోనికి పోయి, యూరియా మెల్లగా వెలికి వచ్చును. తరువాత ఆ గంధకము సైతము మట్టిలోని జీవుల వలన పైరునకు ఆహారమగును. మన దేశమునందు 2023 జూలైలో "యూరియా గోల్డ్" అను పేరుతో ఇట్టి యెరువు ప్రవేశపెట్టబడినది. ఇందు నూటికి 37 పాళ్లు నత్రజని, 17 పాళ్లు గంధకము.

ఇచ్చట లెక్క చూడవలయును. 2024 జనవరిలో ప్రకటింపబడిన ధర ప్రకారము ఈ యెరువు 40 కిలోల బస్తా వెలయు, వేపపూత యూరియా 45 కిలోల బస్తా వెలయు ఒక్కటే: 266 రూపాయల 50 పైసలు. కాని వేపపూత బస్తాలో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. గంధకపు బస్తాలో 14 కిలోల 800 గ్రాములు. కిలో నత్రజనికి మొదటిదానియందు 12 రూపాయల 87 పైసలు పడగా, రెండవదానియందు 18 రూపాయలు పడును. ఆ హెచ్చునకు బదులుగా మీకు దొరకునది బస్తాకు 6 కిలోల 800 గ్రాముల గంధకమును, కొంత నిదానమును.

ఇది లాభమా, నష్టమా? మీ నేలకు గంధకము కొఱత యున్నచో లాభము. మట్టి పరీక్ష చేయించినగాని ఆ సంగతి తెలియదు. మీరు ఇదివఱకే సూపర్ ఫాస్ఫేటునో, జిప్సమునో వేయుచున్నచో వానియందు గంధకము కలదు. మఱల కొనుట యనవసరము. బస్తా పరిమాణము చూచి మోసపోక, కిలో నత్రజనికి ఎంత పడినదో చూచుట ప్రతి యెరువు విషయమునను మంచి యలవాటు.

6. ప్లాస్టికు పూతయు, క్రొత్త పదార్థములును

ప్లాస్టికు వంటి పలుచని పొరతో గుళికను పూర్తిగా కప్పుట మఱియొక విధానము. నేలలోని తేమ ఆ పొరగుండ లోనికి ప్రవేశించి యెరువును కరగించును. కరగినది పొరగుండ కొంచెము కొంచెముగా బయటికి ఊఱును. ఈ యూఱు వేగము ముఖ్యముగా నేల వేడిమిపై నాధారపడును. సాధారణముగా 25 డిగ్రీల వేడిలో నూటికి 80 పాళ్లు విడుదలయగుటకు పట్టు దినములనుబట్టి వీనిని 70 దినములవి, 100 దినములవి యని చెప్పుదురు. మన నేల అంతకంటె వేడిగానుండినచో 100 దినముల గుళిక అంతకు ముందే ఖాళీయగును. విదేశపు సంచిపై వ్రాసిన గడువును మన గడువుగా భావింపరాదు. మఱియు ఇట్టి గుళికలను నలిపినను, ఇతర యెరువులతో గట్టిగా రుద్ది కలిపినను పొర చిట్లి నిదానము పోవును.

ఈ గుళికలు వెల యెక్కువ యగుటచే పూలకుండీలు, నారుమళ్లు, తోటలు మొదలగువానికే విశేషముగా వాడబడుచున్నవి. జపాను దేశమునందు మాత్రము వరికి సైతము విస్తారముగా వాడిరి. ఒక్కసారి వేసినచో మఱల చల్లు పని లేకుండుట అచ్చటి కూలి కొఱతకు అనుకూలించినది. కాని యెరువు కరగిన పిమ్మట ఖాళీ పొరలు మడినుండి కాలువలలోనికి, కాలువలనుండి సముద్రములోనికి కొట్టుకొనిపోవుట కనబడెను. 2030 నాటికి ప్లాస్టికు పూతపై నాధారపడని వ్యవసాయమును సాధింపవలెనని అచ్చటి వ్యవసాయ, ఎరువుల సంఘములవారు 2022వ సంవత్సరమున లక్ష్యముగా పెట్టుకొనిరి. ఐరోపా సమాఖ్యయు తన 2019 నాటి యెరువుల చట్టమునందు, పూతలుగా వాడు ప్లాస్టికులు మట్టిలో జీర్ణింపవలెనను నిబంధనను చేర్చినది. పదివేల గుళికలు చల్లినచో పదివేల పొరలు పొలమున మిగులునను సంగతిని మనమును మఱువరాదు.

అందుచేతనే నేటి పరిశోధన మట్టిలో కలిసిపోవు పూతలవైపు మరలినది. పిండిపదార్థము, కలపలోని లిగ్నిను, రొయ్యల పెంకులనుండి వచ్చు కైటోసాను, బంకమట్టి మొదలగువానిని పరీక్షించుచున్నారు. ఆముదపు నూనెనుండి సైతము గట్టి పూతను తయారుచేసి చూచిరి. పాలమూరు, నల్లగొండ ప్రాంతముల ఖుష్కి భూములలో చిరకాలముగా ఆముదము పండించిన మనకు ఈ వార్త ప్రీతికరమే. సింహళ దేశమునందలి శాస్త్రజ్ఞులు 2017వ సంవత్సరమున ఎముకలలోనుండు సున్నపు భాస్వరమును అతిసూక్ష్మ కణములుగా చేసి, వానిపై యూరియాను పట్టించి, వరిలో సగము యూరియాతోనే దిగుబడి తగ్గకుండ పండించిన ప్రయోగమును ప్రకటించిరి. ఇవి యన్నియు ఆశాజనకములు. అయినను ప్రయోగశాలలో నెగ్గినది బజారునకు వచ్చుటకు, బజారునకు వచ్చినది మన నేలలో నెగ్గుటకు కాలము పట్టును. క్రొత్త పేరు వినినంతనే ఎకరములకొలది వేయుట వివేకము కాదు.

7. భూమినిబట్టి యుపాయము

చల్క భూమి గలవారికి భయము ఇంకుడు వలన. అట్టివారు ఒక్కసారి యెక్కువగా వేయక, ఎక్కువ విడతలుగా కొంచెము కొంచెముగా వేయవలయును. వేపపూత ఇచ్చట మేలు చేయును. యూరియా వేసిన వెంటనే విస్తారముగా నీరు కట్టరాదు. పెంట తోలుట వలన ఇసుక నేలకు పట్టు శక్తి కలుగును.

సున్నపుపాలు గల రేగడి భూమివారికి భయము ఆవిరి వలన. అట్టి నేలపై యూరియాను వెదచల్లి విడువరాదు. సాలు ప్రక్కన కొంచెము లోతున వేసి మట్టి కప్పవలయును. లేదా తేలికపాటి నీరు కట్టి యూరియాను నేలలోనికి దింపవలయును.

తరి భూమివారికి భయము ఆవిరి, వాయువు రెంటివలనను. వారు నీరు నిలిచిన మడిపై చల్లుట మానవలయును. మడిలోని నీటిని తీసివేసి, బురద పదునులో యూరియాను సమానముగా చల్లి, 36 మొదలు 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టవలయును. ఆ వ్యవధిలో యూరియా బురదలోనికి దిగి, పాచి పట్టిన నీటికి దక్కకుండ పోవును.

తరి భూమికే చెందిన మఱియొక యుపాయము పెద్ద గుళికలను లోతున పాతుట. యూరియాను ఒకటి రెండు గ్రాముల గుళికలుగా ఒత్తి, నాటిన వారము దినముల లోపల నాలుగు దుబ్బుల నడుమ 7 మొదలు 10 సెంటీమీటర్ల లోతున పాతుదురు. బంగ్లాదేశమునందు ఈ పద్ధతి విశేషముగా వ్యాపించినది. సుమారు మూడవవంతు యూరియా తగ్గినను దిగుబడి తగ్గక పెరిగినట్లు అచ్చటి యనుభవము. ఇందు పూతయే లేదు. బురదయే పూత. అయితే కూలి యెక్కువ పట్టును. నీరు త్వరగా ఇంకు చల్క మడులకు ఇది పనికిరాదు.

8. ఇంటివద్దనే చేసికొనదగినది

వేపచెట్టు లేని గ్రామము మనకు లేదు. వేపగింజలనుండి నూనె తీసిన పిమ్మట మిగులు పిండి చిరకాలముగా మన పెద్దలు వాడిన యెరువే. 50 కిలోల యూరియాకు 10 కిలోల మెత్తని వేపపిండిని కలిపి, 2 దినములు నిలువయుంచి, పైన చెప్పినట్లు బురద పదునులో చల్లవలయును. వేపపిండి దొరకనిచో 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమగల మట్టిని కలిపి, అట్లే 2 దినములుంచి చల్లవచ్చును. ఈ మట్టి విధానమునందు ఖర్చు కేవలము శ్రమయే. యూరియా మట్టికణములను పట్టుకొని అమ్మోనియాగా మాఱుటచే, చల్లిన తరువాత నీటిలో తేలక బురదలో నిలుచును.

నత్రజనిని మూడు భాగములుగా చేసి, నాటుటకు ముందు దమ్ములో ఒకటి, పిలకలు తొడుగునప్పుడు ఒకటి, అంకురమేర్పడునప్పుడు ఒకటి వేయుట వరికి మేలు. రెండవ, మూడవ విడతలలో ఆకు రంగుల పట్టికతో ఆకును పోల్చి చూచి, పచ్చదనము తగినంత యున్నచో చల్లుట ఆపవలయును. పొరుగువాడు చల్లినాడని చల్లుట లెక్కలోనికి రాదు.

9. కొనుటకు ముందు పరీక్ష

నా మాటలను సైతము మీరు పరీక్షింపక నమ్మనక్కఱలేదు. ఒకే విధమగు నేల గల మడిలో 5 గుంటల చొప్పున రెండు భాగములను, ఒక గుంట గల మూడవ భాగమును వేఱు చేయుడు. వీని నడుమ గట్లు గట్టిగా వేసి, ఒకదాని నీరు మఱియొకదానిలోనికి పాఱకుండ చూడవలయును. గుంట భాగమునకు నత్రజని బొత్తిగా వేయరాదు. 5 గుంటల భాగములలో నొకదానికి మీ వాడుక చొప్పున, మీ వాడుక విధముననే యూరియా వేయుడు. రెండవదానికి అందులో నాలుగవవంతు తగ్గించి, విడతలుగా, బురద పదునులో వేయుడు. ఉదాహరణకు ఎకరమునకు 48 కిలోల నత్రజని మీ వాడుక యైనచో, యూరియా 104 కిలోలగును. 5 గుంటలకు 13 కిలోలు. నాలుగవవంతు తగ్గించిన భాగమునకు 10 కిలోలకు కొంచెము తక్కువ. భాస్వరము, పొటాషు, విత్తనము, నాటు దినము, నీరు మూటికిని సమానముగా నుండవలయును.

పంట కోసిన తరువాత మూడింటి వడ్లను వేఱువేఱుగా తూచి, గుంటకు ఎంత పండెనో లెక్కింపుడు. నత్రజని లేని గుంటలో పండినదానిని తీసివేయగా మిగిలినదే యూరియా పండించిన పంట. దానిని వేసిన కిలోలతో భాగించినచో కిలో యూరియాకు ఎన్ని కిలోల వడ్లు వచ్చెనో తేలును. రెండు 5 గుంటల భాగముల దిగుబడి సమానమైనచో, మీ వాడుకలో నాలుగవవంతు వ్యర్థమగుచున్నదని మీ నేలయే సాక్ష్యము చెప్పును. తక్కువైనచో మీ మోతాదు సరియైనదేనని తెలిసికొందురు. గంధకపు పూతను గాని, వేఱే క్రొత్త యెరువును గాని ఈ రీతినే పరీక్షింపవచ్చును. కాని నత్రజని కిలోలు సమానముగా నుండునట్లు తూచి వేయవలయునే గాని, బస్తాల లెక్కను వేయరాదు. ఒక పంటతో తృప్తిపడక ఆబి, తాబి రెండింటను చేసిచూచినచో ఫలితము నమ్మదగినదగును.

10. ముగింపు

సోదరులారా, పూతలు మంచివే. వానిని కనిపెట్టినవారు మనకు మేలు చేసినవారు. కాని యే పూతయు మూడు ద్వారములను సంపూర్ణముగా మూయలేదు. వేప నైట్రేటును ఆలస్యము చేయును. గంధకము కరగుటను మందగింపజేయును. ప్లాస్టికు గడువు పెట్టును గాని పొలములో చెత్తను మిగుల్చును. ఇవి చేయలేని పనిని చేయగలవాడు రైతు. ఏనాడు చల్లవలెనో, ఏ పదునులో చల్లవలెనో, ఎంత లోతున వేయవలెనో, ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించుట మీ చేతిలోనున్నది. అవి లేనిచో ఖరీదైన పూత సైతము వ్యర్థము. అవి యున్నచో బురదయు వేపపిండియు సైతము పూతవలె పనిచేయును.

ఈ సాలున కనీసము 11 గుంటల నేలను పరీక్షకై కేటాయించి, తూచిన లెక్కను కాగితముపై వ్రాసియుంచుడని నా విన్నపము. ఆ కాగితము మీ యింట నుండినచో, వచ్చు సాలు ఎరువుల దుకాణమునందు ఏ సంచి కొనవలెనో, ఎన్ని కొనవలెనో మీకు మఱియొకరు చెప్పవలసిన పని యుండదు.